కాలువ కింద పెరిగిన ఎద్దు

తెల్లావు కవలల్ని ఈనిందని తెలిసి బొమ్మరాజుపల్లె సగం పుల్లన్న దొడ్లోకి వచ్చింది. ఆవుకు కవలలు పుట్టడం ఆ పల్లెలో ఎవరూ చూసి ఎరగరు. రెండూ కోడెదూడలే. ఒకటే తెలుపు, కళ్ల చుట్టూ ఒకేలాంటి కాటుక నలుపు, ముందుకాళ్ల మోకాళ్ల మీద రూపాయి బిళ్లంతేసి నల్లమచ్చలు. నుదుటి మీది సుడి కూడా ఒక్కచోటే. ముందు పుట్టినవాడు పెద్దోడు, వెనక పుట్టినవాడు చిన్నోడు అయ్యారు.

చూసినవాళ్లు సంబరపడి వెళ్లిపోయారు. పుల్లన్న భార్య గంగాదేవికి మాత్రం ఆ రోజే దిగులు పట్టుకుంది. గండికోట కొండల వెనకాల ఉన్న ఆ పల్లెలో వాళ్లది రాళ్లమెట్ట. వాన పడితే శనక్కాయ, కంది. పడకపోతే ఏమీ లేదు. ఆ ఏడు పడలేదు. తెల్లావు ఎండుచొప్ప నమిలి బతుకుతోంది. దాని పొదుగులో ఒక దూడకు చాలినన్ని పాలే లేవు, రెండింటికి ఎక్కడివి? పెద్దోడు పొదుగును కుమ్మి కుమ్మి తాగేవాడు. చిన్నోడు రెండో వారానికి లేవడం మానేశాడు. గంగాదేవి మేకపాలు సీసాలో పోసి తాపేది. సగం మింగి, సగం మూతి పక్కనుంచి వదిలేసేవాడు.

అప్పుడే పక్క ఊరి తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు రబ్బానీ వచ్చాడు. ఆయనది నందికొట్కూరు దగ్గర కాలువ కింది ఊరు. పందెపు ఎద్దుల్ని పెంచడంలో పేరున్న మనిషి. ఎండకు తన జతను నీడన కట్టుకోవడానికి పుల్లన్న కళ్లం దగ్గరి వేపచెట్ల కింద ఆగాడు. నీళ్లు అడగడానికి దొడ్లోకి వచ్చినవాడు, పడుకుని ఉన్న దూడను చూసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. దాని చెవులు పట్టి చూశాడు. మెడకింది చర్మం సాగదీసి చూశాడు. కాళ్ల ఎముకలు వేళ్లతో తడిమాడు.

"మంచి ఎముకప్పా ఇది. కానీ ఈడుంటే బతకడు" అన్నాడు. "మా ఇంటికాడ ఆవు ఈనింది, దూడ పురిట్లోనే సచ్చిపాయ. పాలు పిండి పిండి మా ఇంటామె చేతులు నొస్తాండాయి. వీన్ని నాకీయప్పా, పుల్లన్నా. ఆవు చేరనీకపోయినా మా ఇంటామె సీసాతో తాపుతాది."

పుల్లన్న గంగాదేవి వైపు చూశాడు.

"మేము అమ్మేది కాదన్నా" అంది గంగాదేవి. "బతికితే నీదే. బతక్కపోతే మాకు చెప్పొద్దు."

రబ్బానీ తన భుజం మీది తువ్వాలు తీసి దూడకు చుట్టి, ఎత్తుకుపోయి ట్రక్కులో తన ఎద్దుల పక్కన గోనెపట్ట మీద పడుకోబెట్టాడు. తెల్లావు రెండు రోజులు అరిచింది. తర్వాత పెద్దోణ్ణి నాకుతూ ఊరుకుంది.

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. "లేచి నిలబడినాడు పుల్లన్నా" అన్నాడు రబ్బానీ. గంగాదేవి ఆ పూట పొయ్యి దగ్గర కూర్చుని తనలో తానే నవ్వుకోవడం పుల్లన్న చూశాడు.

అప్పటినుంచి ఏడాదికి నాలుగైదుసార్లు ఫోన్ వచ్చేది. పళ్లను బట్టి వయసు కట్టే ఆ పోటీల్లో చిన్నోడు పాలపళ్ల విభాగంలో గెలిచాడు. రెండు పళ్ల విభాగంలో గెలిచాడు. బండ లాగుతున్న వీడియోలు వచ్చేవి. అందులో దుమ్ము, ఈలలు, అరుపులు తప్ప ఎద్దు సరిగా కనపడేది కాదు. ఒక శివరాత్రికి మహానందికి పోయిన పుల్లన్న, ఇంత దూరం వచ్చాం కదా అని నంద్యాలలో బస్సు మారి రబ్బానీ ఊరికి వెళ్లాడు.

కొట్టంలోకి అడుగుపెట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చిన్నోడి మూపురం తన తలకంటే ఎత్తున ఉంది. గంగడోలు మెడకింద నుంచి మోకాళ్ల దాకా మడతలు మడతలుగా వేలాడుతోంది. చర్మం మీద చెయ్యి వేస్తే జారిపోతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది, కాళ్లకింద పెన్న ఇసుకలాంటి మెత్తని ఇసుక పరిచి ఉంది. రబ్బానీ భార్య దౌలత్ బీ ఉడకబెట్టిన ఉలవలు ముద్దలు చేసి చేత్తో నోట్లో పెడుతోంది. ఎద్దు ఆమె చేతి వేళ్లు కూడా నాకి, ఇంకా కావాలని తలతో ఆమె పొట్టను మెల్లగా నెడుతోంది.

"సీసా పాలు తాగినప్పటి అలవాటన్నా. నేను పెట్టకపోతే తినడు" అంది దౌలత్ బీ.

పుల్లన్న వంగి మోకాళ్లు చూశాడు. అవే మచ్చలు. నుదుటి మీద అదే సుడి. అవి తప్ప ఇంటి దగ్గరున్న ఎద్దుకూ దీనికీ పోలికే లేదు. గిట్ట ఎత్తి చూశాడు. వెడల్పుగా, పాలిపోయి, నానిన చెక్కలా ఉంది.

"వీడు రాళ్లల్లో నడుస్తాడా అన్నా?"

రబ్బానీ పెద్దగా నవ్వాడు. "వీనికి రాళ్లు యాడియప్పా? ఇసకలో పండుకుంటాడు, మెత్తని మన్నులో లాగుతాడు. కోడిగుడ్లు, నువ్వుల చెక్క, పచ్చిగడ్డి. నాకంటే బాగా తింటాడు."

ఇంటికి వచ్చిన పుల్లన్నను గంగాదేవి కాళ్లు కడుక్కోనివ్వకుండానే అడిగింది. "ఎట్లుండాడు?"

"ఏనుగు మాదిరి ఉండాడు."

"మనోడో?"

"మనోడు మన మాదిరే ఉండాడు."

నిజమే. పెద్దోడు పొట్టిగా, బిగువుగా, ఒంటి మీద ఎక్కడా వదులు లేకుండా పెరిగాడు. గంగడోలు ఉందా అంటే ఉంది. మూపురం పిడికిలంత. ఎండకు తెలుపు మాసి బూడిదరంగు తిరిగింది. కానీ గిట్టలు నల్లరాయి. పొద్దున ఒకసారి నీళ్లు తాగితే మళ్లీ సాయంత్రం దాకా అడగడు. ముళ్లకంపల మధ్య మూతి పెట్టి పచ్చని ఆకు వెతుక్కుంటాడు. పక్కింటి పెద్ద ఈరన్న ఎద్దుతో జతకట్టి రెండిళ్ల సేద్యం వాడే చేసేవాడు.

*

ఆ తర్వాత మూడేళ్లకు చలికాలం పోటీల్లో చిన్నోడు జారి పడ్డాడు. ముందుకాలి కీలు దగ్గర నరం తెగింది. రబ్బానీ ఎక్కడెక్కడి డాక్టర్లనో పిలిపించాడు, కట్లు కట్టించాడు, పసర్లు పోయించాడు. ఎద్దు లేచి నిలబడింది గానీ ఆ కాలు ఆనించి నడవలేకపోయింది. ఇంక బండ లాగడం కల్ల అని అందరికీ తెలిసింది. రబ్బానీ ఆ మాట ఒప్పుకోలేదు. రోజూ కొట్టంలోనే కూర్చుని కాలికి నూనె రాసేవాడు. సంక్రాంతి దాటిన కొద్ది రోజులకు, అలా రాస్తూనే గుండె పట్టుకుని పక్కకు ఒరిగాడు. ఆస్పత్రి చేరకముందే ప్రాణం పోయింది.

పుల్లన్న, గంగాదేవి పలకరించడానికి వెళ్లారు. దౌలత్ బీ ఇద్దత్‌లో ఉంది, భర్త పోయిన నాలుగు నెలల పది రోజులూ పరాయి మగవాళ్ల ఎదటికి రాకూడదు, గడప దాటకూడదు. గంగాదేవి ఒక్కతే లోపలికి వెళ్లింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన దౌలత్ బీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెల్లే, పిల్లోళ్లకు టౌన్లో పనులు. భూమి గుత్తకిచ్చినారు. గొడ్లన్నీ అమ్ముతాండారు. చిన్నోని జతను పందెగాళ్లు తోలుకపోయినారు. వీన్ని కుంటోడని ఎవురూ అడగలే. రేపో మన్నాడో కోతకు తోలేటోళ్లు వస్తారంట. నేను ఈ ఇంట్లో కూసోని ఆ ట్రక్కు సప్పుడు వినలేను. నువ్వు కన్నట్టు, నేను పెంచినట్టు. తోలుకపో, చెల్లే."

గంగాదేవి బయటికి వచ్చి భర్తతో చెప్పింది. పుల్లన్న ఒక్కమాట అడ్డు చెప్పలేదు. దౌలత్ బీ కొడుకులు కూడా కాదనలేదు. ఆ రోజే ట్రక్కు మాట్లాడారు. ఎద్దును ఎక్కిస్తుంటే లోపల కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. "పో బేటా" అన్న మాట ఒకటి వినిపించింది. చిన్నోడు చెవులు నిక్కబొడుచుకుని అటు తిరగబోయాడు. తాడు పట్టినవాళ్లు లాగేశారు.

బొమ్మరాజుపల్లెలో మళ్లీ జనం పోగయ్యారు. ఒక తల్లి కడుపున ఒక పూట పుట్టిన రెండు ఎద్దుల్ని పక్కపక్కన కట్టి చూశారు. పెద్దోడి వీపు చిన్నోడి పొట్ట దగ్గరికి వచ్చింది. అవి ఒకదాన్నొకటి గుర్తుపడతాయని గంగాదేవి ఆశపడింది. పెద్దోడు ఒకసారి వాసన చూసి, తల తిప్పుకుని చొప్ప నమలడంలో పడ్డాడు. చిన్నోడు వాణ్ణి చూడనే లేదు. మెత్తని నేల కోసం కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నాడు.

కష్టం మొదటి వారంలోనే తెలిసింది. చిన్నోడు చొప్ప ముట్టలేదు. వాసన చూసి పక్కకు నెట్టేశాడు. గంగాదేవి ఉలవలు ఉడికించి దౌలత్ బీ లాగే ముద్దలు చేసి పెడితే తిన్నాడు. ఎన్ని పెట్టినా ఇంకా కావాలన్నట్టు ఆమె పొట్టను నెట్టాడు. ఇంట్లో ఉన్న ఉలవలు ఆ ఒళ్లు ముందు ఏ మూలకు? ఆకలి ముదిరాక చొప్ప కూడా తిన్నాడు. కానీ నాలుగు ఎద్దులు తినేది తిన్నా ఒళ్లు తగ్గుతూనే ఉంది. మేపుకు కొండవారకు తోలితే వంద గజాలు పోకముందే రాళ్లకు గిట్టలు పగిలి నెత్తురు కారింది. మళ్లీ తోలలేదు. మధ్యాహ్నాలు వేపచెట్టు కింద నాలుక బయటపెట్టి రొప్పుతూ నిలబడేవాడు. పుల్లన్న గోనెపట్టలు తడిపి వీపున వేసేవాడు. ఊరి బోరులో నీళ్లే అడుగంటాయి. మనుషుల బిందెలకే వంతులు. చిన్నోడికి తొట్టెలు తొట్టెలు కావాలి.

ఎండలు ముదిరాయి. చొప్పవామి తరిగిపోతోంది. పుల్లన్న పెద్దోడి మేతలోంచి పిడికెడు, మరో పిడికెడు తీసి చిన్నోడి ముందు వెయ్యడం మొదలుపెట్టాడు. గంగాదేవి కొన్ని రోజులు చూసీ చూడనట్టు ఊరుకుంది. ఒక పొద్దున పెద్దోడికి నీళ్లు పెడుతూ, వాడి పక్కటెముకలు వరసగా లెక్కపెట్టేటట్టు తేలి ఉండడం చూసి చేతిలోని బకెట్టు దించేసింది.

"ఏమయ్యా, వీన్ని సంపి వాన్ని బతికిస్తావా?"

"ఏం జెయ్యమంటావు? ఆకలితో సూస్తాంటే ఎట్ల ఊరుకునేది?"

"వీడు అడగడు కాబట్టి వీనికి ఆకలి లేదా? ముంగారు వాన పడితే మడక లాగేది ఎవురు? వాడా?"

"ఆ పొద్దు వాన్ని పంపిచ్చింది మనమే కదే. వాడు పొమ్మంటే పోయినోడు, రమ్మంటే వచ్చినోడు. ఇంగ యాడికి పోతాడు?"

గంగాదేవి బకెట్టు ఎత్తుకుని పోయింది. కానీ ఆ రోజు నుంచి భర్త కళ్లానికి పోయినప్పుడల్లా పెద్దోడి ముందు తానే కొంచెం ఎక్కువ వేసేది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే వామిలోంచి దూశారు. వామి ఇంకా తొందరగా తరిగింది.

మండలం నుంచి పశువుల డాక్టరమ్మ ప్రణీత వచ్చింది. చిన్నోడి కాలు చూసింది, నోరు చూసింది, వీపు మీద చెయ్యి పెట్టి తడిమింది. బలానికి సూదులు వేసింది. తర్వాత పుల్లన్నను పక్కకు పిలిచింది.

"జబ్బేమీ లేదు పెద్దయ్యా. పెరిగేటప్పుడు దొరికిన తిండికి తగ్గట్టు ఆ ఒళ్లు పెరిగింది. మీ పెద్దోడు దొరికినదానికి తగ్గట్టు పొట్టిగా పెరిగినాడు. పెరిగిన ఎముకను మనం ఇప్పుడు చిన్నది చెయ్యలేం. ఆ ఒంటికి ఈ మేత చాలదు, ఈ ఎండ పడదు."

"గోశాలకు తోలితేనో అమ్మా?"

"నేను మూడింటికి ఫోన్ చేసినా. అన్నీ నిండిపోయినాయి. కరువు కదా, అందరూ తెచ్చి వదుల్తాండారు." ఆమె మందుల సంచి సర్దుకుంది. "ఉన్న మేత పెద్దోనికి పెట్టండి. నేను చెప్పగలిగింది అదే."

పుల్లన్న తల ఊపాడు. ఆ సాయంత్రం కూడా మేత రెండు భాగాలు చేశాడు.

*

ఇద్దత్ ముగియగానే దౌలత్ బీ వచ్చింది. వెంట కూతురు ఫిరోజా. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చారు. ఫిరోజా చేతిలో ఉలవల సంచి, దౌలత్ బీ కొంగులో బెల్లం. దొడ్లోకి వచ్చేసరికి రెండు ఎద్దులూ చెట్టు కింద పడుకుని ఉన్నాయి. రెండూ బూడిదరంగులో, రెండూ ఎముకలు తేలి.

దౌలత్ బీ ఇటూ అటూ చూసింది. "చెల్లే, చిన్నోన్ని యాడ కట్టేసినారు?"

గంగాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుల్లన్న తల వంచుకుని, "అదో, నీ ఎదురుగా ఉండేది వాడేనమ్మా" అన్నాడు.

దౌలత్ బీ నమ్మనట్టు రెండడుగులు ముందుకు వేసింది. గంగడోలు ఖాళీ సంచిలా నేల మీద పరుచుకుని ఉంది. మూపురం పక్కకు వాలిపోయింది. పడుకుని పడుకుని తొడల మీద పుండ్లు పడ్డాయి. ఆమె వంగి మోకాలి మచ్చ మీద చెయ్యి పెట్టింది. "బేటా" అంది.

చిన్నోడు తల ఎత్తాడు. ముందుకాళ్లు మడిచి లేవబోయాడు. వెనక భాగం సగం లేచి మళ్లీ కూలబడింది. రెండోసారి ప్రయత్నించాడు. దౌలత్ బీ పరుగున పోయి వాడి మెడ మీద పడి, "లేవొద్దు, లేవొద్దు బేటా, నేనే వస్తాండా" అంటూ పక్కనే మట్టిలో కూర్చుంది. బెల్లం చేతిలో పెట్టి నోటి దగ్గరికి పోనిస్తే మెల్లగా నాకాడు. ఎక్కువ మింగలేకపోయాడు.

పుల్లన్న ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేము పెట్టకుండా లేదమ్మా. మా నోట్లోది తీసి పెట్టినాం. కానీ..."

"నాకు తెల్దా అన్నా?" అంది దౌలత్ బీ, తల ఎత్తకుండానే. "మీ ఎద్దును సూస్తే తెల్దా? మీ మొగాలు సూస్తే తెల్దా? ఆ పొద్దు ట్రక్కోళ్లకు పోనిచ్చింటే వానికి ఇంత కష్టం లేకపోవు. నా కడుపు తీపికి ఈడికి తోలిస్తి."

"అట్లనొద్దక్కా" అంది గంగాదేవి. వచ్చి ఆమె పక్కనే మట్టిలో కూర్చుంది.

మరునాడు ఫిరోజా వెళ్లిపోయింది. దౌలత్ బీ ఉండిపోయింది. చిన్నోడి తల ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డతో కళ్ల మీది ఈగల్ని తుడుస్తూ, ఉలవల కట్టు చెంచాతో నోట్లో పోస్తూ కూర్చునేది. గంగాదేవి అన్నం పళ్లెం తెచ్చి పక్కన పెట్టి తానూ కూర్చునేది. రబ్బానీ దూడను ఇంటికి తెచ్చినప్పుడు, ఆవు చేరనీకపోతే కొన్నాళ్లు సీసాతో తాపి, ఆ తర్వాత చచ్చిన దూడ చర్మం కప్పి మోసం చేసి చేర్చామని దౌలత్ బీ ఒకసారి చెప్పింది. ఆ సంగతి చెప్తూ నవ్వబోయి, నవ్వలేకపోయింది.

అలా కొద్ది రోజులకు, పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉండగా చిన్నోడి ఊపిరి ఆగిపోయింది. దౌలత్ బీ చాలాసేపు వాడి చెవి పట్టుకునే కూర్చుంది.

చర్మానికి వచ్చినవాళ్లను పుల్లన్న వెనక్కి పంపేశాడు. తన చేలోనే గుంత తీస్తానన్నాడు. గడ్డపార దిగని నేల అది. పెద్ద ఈరన్న, మరో నలుగురు వచ్చి సాయంత్రం దాకా తవ్వినా మోకాలి లోతు కూడా రాలేదు. చివరికి ఈరన్న పోయి రోడ్డు పని దగ్గరి జేసీబీని తీసుకొచ్చాడు. అంత పెద్ద ఒళ్లును దించడానికి అంత పెద్ద గుంతా కావలసి వచ్చింది. దౌలత్ బీ పుల్లన్న ఇంటి దగ్గరే ఉండిపోయింది. మట్టి పూడ్చేటప్పుడు గంగాదేవి మిగిలిన ఉలవలు దోసెడు తెచ్చి అందులో పోసింది.

దౌలత్ బీని బస్సెక్కించడానికి గంగాదేవి వెళ్లింది. బస్సు కదిలేముందు దౌలత్ బీ కిటికీలోంచి, "పెద్దోన్ని బాగా సూసుకో చెల్లే. వాడు అడగడు" అంది.

ముంగారు వాన ఆ వారంలోనే పడింది. ఒక రాత్రంతా కురిసి వంకలు పారాయి. తెల్లారి పెద్ద ఈరన్న కాడి భుజాన వేసుకుని వచ్చి, పెద్దోణ్ణి చూసి, కాడి గోడకు ఆనించి కూర్చున్నాడు. ఆ ఎద్దు మడక లాగే స్థితిలో లేదు. ఆ ఏడు రెండిళ్ల వాళ్లూ ట్రాక్టరుతో విత్తనం వేయించుకున్నారు.

కొండవార గడ్డి మొలిచాక పుల్లన్న పెద్దోణ్ణి మేపడానికి తోలుకుపోయాడు. మధ్యాహ్నం గంగాదేవి సంగటి మూట తీసుకుని వెతుక్కుంటూ ఎక్కింది. భర్త ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. కింద రాళ్ల సందుల్లో పెద్దోడు తల ఎత్తకుండా మేస్తున్నాడు. ఎద్దు పోయిననాటి నుంచి పుల్లన్న కంట నీరు రాలేదు. ఎవరితోనూ ఆ ఊసు ఎత్తలేదు.

"ఈ వాన ఒగ వారం ముందు పడింటే" అన్నాడు ఆమెను చూసి.

గంగాదేవి మూట పక్కన పెట్టి కూర్చుంది. అవునని అంటే ఆయనకు ఊరట అని తెలుసు. కానీ అనలేకపోయింది.

"పడింటే మాత్రం ఈ రాళ్లల్లోకి వాడు ఎట్ల ఎక్కేటోడయ్యా" అంది మెల్లగా. "ఈ వేలెడు గడ్డి వానికి యాడికి సాలేది."

పుల్లన్న ముఖం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదలడం మొదలైంది. గంగాదేవి ఆయన వీపు మీద చెయ్యి వేసి, తానూ ఏడ్చింది. సంగటి మూట ఎవరూ విప్పలేదు. పెద్దోడు కడుపు నిండి, తనంతట తాను దిగి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.